పన్నెండు గదులు, పదకొండు పైకప్పులు

నా పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, శ్రీకాకుళం జిల్లాలోని ఒక తీర మండలానికి ఎంపీడీవోగా బదిలీ అయి వెళ్లాను. ఎంపీడీవో అంటే మండల పరిషత్ అభివృద్ధి అధికారి. పంచాయతీలకు వచ్చే డబ్బు సరైన పనికి, సరైన కాగితం మీద, సరైన గడువులో ఖర్చయ్యేలా చూడటం ఆ ఉద్యోగంలో సగం. అలా ఎందుకు ఖర్చు కాలేదో పైవాళ్లకు సంజాయిషీ రాసుకోవడం మిగతా సగం. నేను చెప్పబోయే పల్లె భావనపాడుకు కొంత దూరంలో, సముద్రం ఒడ్డునే ఉంటుంది. పేరు రాయను. అక్కడివాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి నా మోకాళ్ల నొప్పుల గురించి అడుగుతారు. తమ ఇళ్ల సంగతి ఇలా నలుగురికీ చెప్పానని తెలిస్తే తిడతారు కూడా.

నేను చేరిన రోజునే బల్ల మీద ఒక ఫైలు కనిపించింది. ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లకు పంచాయతీ సొంతంగా నివాసం కట్టిస్తే, ఖర్చులో మూడింట రెండు వంతులు జిల్లా పరిషత్ సాధారణ నిధి నుంచి వస్తాయి. మిగతా వంతు పంచాయతీ పెట్టుకోవాలి. మామూలుగా ఈ రెండో మాట దగ్గరే పంచాయతీలు వెనక్కి తగ్గుతాయి. ఒడ్డున గుడిసెల్లో ఒంటరిగా ఉంటున్న పన్నెండు మంది కోసం ఈ పల్లె తగ్గలేదు. వాళ్లకు ఇంటి పన్నుతో పాటు చేపల సంత ఆశీలు కూడా ఉంది. ఆశీలు అంటే సంతలో అమ్ముకునేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము. ఆ వసూలు హక్కును పంచాయతీ ఏటా వేలం వేస్తుంది. ఆ ఏడు వేలం బాగా పలికింది. సర్పంచ్ గురువులు అప్పటికే తీర్మానం చేయించి, తమ వంతు డబ్బు విడిగా పెట్టించాడు. గురువులు యాభై దాటిన మనిషి, సొంతంగా పడవా వలా ఉన్నవాడు. మీటింగుల్లో తక్కువ మాట్లాడతాడు, చెప్పింది చేస్తాడు. నా సర్వీసులో అలాంటి సర్పంచులను చాలా తక్కువమందిని చూశాను.

జిల్లా పరిషత్ ఉత్తర్వులో మూడు షరతులు ఉన్నాయి. డబ్బు కొత్త నిర్మాణానికే వాడాలి. అక్టోబరు ఆఖరులోగా పని మొదలుకావాలి, లేకపోతే నిధులు మురిగిపోతాయి. కొత్త గది తీసుకున్నవాళ్లు ఒడ్డున ఉన్న పాత గుడిసెను పంచాయతీకి అప్పగించాలి. మూడోది నాకు చాలా మంచి షరతుగా తోచింది. ఆ గుడిసెలు అలలకు వందడుగుల దూరంలో ఉన్నాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో మా తీరం సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. వానలు ముదిరేలోగా ఆ పన్నెండు మంది ముసలివాళ్ల తల మీద గట్టి కప్పు ఉండాలి. నా ముందున్న పని అదే, అందులో ఇప్పటికీ నాకు సందేహం లేదు.

విచారణ ఫారం నేనే తయారు చేశాను. వయసు, జబ్బులు, చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఆదాయం ఎంత. ఆదాయం గడిలో పన్నెండు మందికీ 'పింఛను తప్ప మరేమీ లేదు' అని రాయించాను. స్థలం కూడా నేనే చూశాను. ఒడ్డుకు రెండు కిలోమీటర్లు లోపల, రోడ్డు పక్కన, ఎత్తైన మెట్ట మీద ప్రభుత్వ భూమి ఉంది. ఆరోగ్య ఉపకేంద్రం పక్కనే. మా అసిస్టెంట్ ఇంజినీరు రమణ రాజాం కుర్రాడు, పనిలో మంచి శుభ్రం. పన్నెండు గదులు వరసగా, ముందు పొడుగాటి వరండా, మెట్లు లేకుండా ఏటవాలు దారి, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు వేసి ప్లాను గీశాడు. పరిపాలనా అనుమతి వచ్చింది, అంటే డబ్బిచ్చేవాడు పనికి సరేనన్నాడు. సాంకేతిక అనుమతి వచ్చింది, అంటే పై ఇంజినీరు అంచనాకు సరేనన్నాడు. ఆ ప్లాను కాగితం ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకు కూడా చూపించాను. మన ఇంటి బాత్రూములో ఒక్క కడ్డీ వేయించడానికి మీకు తీరిక లేదు గానీ అంది.

గ్రామసభ ఉదయం పది గంటలకు పెట్టాం. జనం బాగానే వచ్చారు, కోరం సరిపోయింది, తీర్మానం ఏకగ్రీవం. ఆ పన్నెండు మందిలో మాత్రం ఒక్కరూ రాలేదు. ముసలివాళ్లు కదా, ఎండలో ఏం వస్తారని అనుకున్నాను. రాకపోవడాన్ని ఒప్పుకోలుగా రాసుకున్నాను. సెప్టెంబరులో మెట్ట మీద పునాదులకు ముగ్గు పోయించి, అంగీకార పత్రాలు పట్టుకుని ఒడ్డుకు వెళ్లాం.

మొదటి పత్రం నూకాలమ్మది. డెబ్బై అయిదు దాటిన మనిషి. మొగుడు సముద్రంలోనే పోయాడు, పిల్లలు లేరు. అందరి ఇళ్లకూ మట్టి గోడలో ఇటుక గోడలో ఉంటే, ఆమెకు గోడలు కూడా తాటాకే. ఆ గుడిసె వదిలి వెళ్లడానికి అందరికంటే ముందు ఆమే సంతోషిస్తుందని ఆమె పేరు పైన పెట్టాను. పంచాయతీ కార్యదర్శి పత్రం చదివి వినిపించాడు. ఆమె ఇంకు పెట్టె వైపు చూడలేదు. మెట్ట వైపు చెయ్యి చూపించి అడిగింది.

"అక్కడ కూకుంటే వల లాగతన్నారని నాకెలా తెలుస్తాది బాబూ?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు. వల ఎందుకమ్మా, హాయిగా కూర్చోక అన్నాను. ఆమె "నానొల్లను" అని లేచిపోయింది. మిగతా పదకొండు మందీ ఆమె వెనకే లేచారు. ఇంకు పెట్టె మూత తీసింది తీసినట్టే ఉంది.

నాకు కోపం వచ్చింది. దాచుకోవడం ఎందుకు, చాలా కోపం వచ్చింది. మూడు నెలల పని, రెండు అనుమతులు, ఒక ఏకగ్రీవ తీర్మానం ఒక్క ముసలావిడ మాటతో ఇసకలో కలిసిపోయాయి. మొండితనం అనుకున్నాను. రమణ మాత్రం, రేపు పొద్దున్నే ఒకసారి ఒడ్డుకు వెళ్లి చూద్దాం సార్ అన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి వెళ్లాం. ఒడ్డు నుంచి లాగే పెద్ద వలను అక్కడ అలివి అంటారు. పడవ వలను సముద్రంలో అర్ధచంద్రంలా దింపి వస్తుంది. దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డున నిలబడి లాగుతారు. రెండు తాళ్ల దగ్గరా చెరో పాతిక మంది ఉన్నారు. ముందు వయసువాళ్లు, వెనక ఆడవాళ్లు, అందరికంటే వెనక మా పన్నెండు మంది. వాళ్లు లాగడం లేదు. ముందువాళ్లు లాగిన తాడు తమ దగ్గరికి వచ్చేకొద్దీ ఇసక దులిపి, చిక్కుపడకుండా చుట్ట చుడుతున్నారు. నూకాలమ్మ తాడు చివర కూర్చుని, మోకాలికీ మోచేతికీ మధ్య చుట్టలు వేస్తోంది. రెండు గంటలు పట్టింది. వల ఒడ్డెక్కేసరికి పది దాటింది. మేం గ్రామసభ పెట్టిన వేళ అదేనని నాకు అప్పుడు తట్టింది.

పంపకం చూశాను. వలవాళ్లకు సగం. మిగతాది తాడు మీద చెయ్యి పడినవాళ్లందరికీ. వయసువాళ్లకు ఎక్కువ, ముసలివాళ్లకు తక్కువ, కానీ చెయ్యి వేసిన ఒక్కరూ ఖాళీగా వెళ్లలేదు. నూకాలమ్మ తన వాటాలో కొంత కూరకు ఉంచుకుని, మిగిలింది అక్కడే నిలబడి ఉన్న చేపల వ్యాపారికి అమ్మింది. నా ఫారంలో 'మరేమీ లేదు' అని రాయించిన ఆదాయం అది. ఆమెను ఆదాయం ఉందా అని అడిగితే లేదంది. నిజమే, ఆమెకు అది ఆదాయం కాదు, పని. పని చేస్తున్నావా అని నేను అడగలేదు.

అప్పుడైనా తెలివి తెచ్చుకోవలసింది. తెచ్చుకోలేదు. నాలోని అధికారి వెంటనే ఒక పరిష్కారం కనిపెట్టాడు. గురువులును పక్కకు పిలిచి, మెట్ట మీది గదులకు రోజూ ఒక ఆటోలో పన్నెండు వాటాలు పంపిస్తే సరిపోతుంది కదా, ఆటో ఖర్చు పంచాయతీ పెట్టుకోవచ్చు అన్నాను. అతను నేల చూశాడు. నూకాలమ్మకు వినపడింది.

"సూడు బాబూ, తాడట్టుకుంటే అది నా వాటా. ఇంటికంపితే ముష్టి. నానెప్పుడూ ముష్టి తిన్నేదు. ఒరే గురువులూ, నువ్వైనా సెప్పవేట్రా ఆయనకి?"

గురువులు చెప్పాడు, నెమ్మదిగానే చెప్పాడు. "అత్త సెప్పింది నిజమే సార్. రానోళ్లకి మేం ఇవ్వలేం. ఇచ్చినా ఆలు తీసుకోరు."

మాది రాజాం అవతల వరి పండించే కుటుంబం. తిరుగు దారిలో జీపులో కూర్చున్నాక మా కళ్లం గుర్తుకొచ్చింది. నూర్పుల రోజున కమ్మరి, వడ్రంగి కళ్లానికి వచ్చి తమ పనికి రావలసిన మేర ధాన్యం కొలిపించుకుని తల ఎత్తుకుని వెళ్లేవారు. అదే ధాన్యం మర్నాడు వాళ్ల ఇంటికి పంపుతాననడం మా తాత ఎన్నడూ చేయలేదు. చిన్నప్పుడు కళ్లారా చూసినదాన్ని, అరవై దగ్గరపడుతూ ఒడ్డున నిలబడి పోల్చుకోలేకపోయాను. సిగ్గుపడ్డాను.

ఇక కాగితాల పని. ఒడ్డున కొత్త కట్టడం కట్టడానికి తీర నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. కానీ ఉన్న ఇంటిని ఉన్న పునాది మీద బాగు చేసుకోవచ్చని రమణ నిబంధనలు తిరగేసి చూపించాడు. మరమ్మతుకు జిల్లా పరిషత్ డబ్బు పనికిరాదు, అది కొత్త నిర్మాణానికే. ప్రయోజనం మార్చమని స్థాయీ సంఘానికి రాస్తే జవాబు వచ్చేసరికి వానాకాలం వెళ్లిపోతుంది. మిగిలింది పంచాయతీ పెట్టిన మూడో వంతు. దానితో గదులు రావు గానీ, గోడలు పటిష్ఠం చేసి, ఇనుప పైపుల మీద రేకులు బిగించడానికి సరిపోతుంది. గురువులు మళ్లీ గ్రామసభ పెట్టాడు, ఈసారి మధ్యాహ్నం మూడింటికి. పన్నెండు మందీ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

నేను జిల్లా పరిషత్ వాటాను వెనక్కి అప్పగిస్తూ లేఖ రాశాను. బయటివాళ్లకు ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. మా శాఖలో డబ్బు తప్పుగా ఖర్చు పెట్టినవాడికైనా సానుభూతి చూపేవాళ్లు దొరుకుతారు గానీ, మంజూరైన డబ్బు తిప్పి పంపినవాడిని చేతకానివాడి కిందే జమ కడతారు. నెల తిరగకుండా మెమో వచ్చింది. పంచాయతీ డబ్బుతో వ్యక్తుల సొంత ఇళ్లు బాగు చేయించడానికి జిల్లా పంచాయతీ అధికారి అనుమతి కూడా కావాలి. ఆయన మంచివాడే, పది రోజుల్లో ఇచ్చాడు. ఒక్క షరతు పెట్టాడు. ఇంటి పన్ను రిజిస్టరులో ఉన్న ఇళ్లకే ఖర్చు పెట్టాలి. పంచాయతీ సొమ్ము కనుక అది న్యాయమైన షరతు. నేనైనా అదే పెట్టేవాణ్ని.

రిజిస్టరు తెప్పించాం. పదకొండు ఇళ్లు ఉన్నాయి. నూకాలమ్మది లేదు. గోడలు కూడా తాటాకే కావడంతో, దాన్ని ఇల్లుగా లెక్కించి పన్ను కట్టమని ఏ బిల్ కలెక్టరూ ఎన్నడూ అడగలేదు. పన్ను లేకపోవడం ఆమెకు ఇన్నాళ్లూ మేలనిపించి ఉంటుంది. ఇప్పుడు అదే ఆమె గుడిసెను ప్రభుత్వం దృష్టిలో లేనిదాన్ని చేసింది. రమణ నోరు తెరిచి ఏమీ అడగలేదు, కానీ పాత పేజీ చివర ఒక గీత ఖాళీగా ఉంది సార్ అని రెండుసార్లు అన్నాడు. నాకు వినపడింది. వెనకటి తేదీతో ఒక్క పేరు ఎక్కిస్తే, ఆడిట్‌లో అది బయటపడిన రోజున మిగతా పదకొండు ఇళ్ల డబ్బూ రికవరీ కింద గురువులు మీద పడుతుంది. రిజిస్టరు మూసేశాను. ఆ రోజు చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. బాధ మాత్రం ఉంది.

చెప్పవలసింది నేనే కనుక వెళ్లి చెప్పాను. ఆమె వల బాగుచేస్తోంది. మొత్తం విని, సూది ఆపి నా మొహంలోకి చూసింది.

"అందరికీ నోరెత్తింది నాను. నాకే ఏటీ నేదా?"

నిబంధన చెప్పాను. నిబంధనలు చెప్పడం జవాబు కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. సొంత డబ్బు కొంత ఇస్తానన్న మాట నోటి దాకా వచ్చింది. ముష్టి అన్న మాట గుర్తొచ్చి మింగేశాను. ఆ తర్వాత చాలా రోజులు ఆ పల్లెకు ఏదో ఒక సాకుతో రమణనే పంపించాను.

అక్టోబరు ఆఖరి వారంలో ఇక తప్పలేదు. పదకొండు ఇళ్ల పనీ పూర్తయింది. చేసిన పనిని కొలిచి రాసే పుస్తకాన్ని మేం ఎం-బుక్ అంటాం. రమణ అందులో కొలతలు ఎక్కించాక, నేను కొన్నింటిని స్వయంగా సరిచూసి సంతకం పెడితే గానీ బిల్లు కదలదు. ఉదయం పదకొండు ప్రాంతంలో ఆరో ఇంటి దగ్గర టేపు పట్టుకుని ఉండగా ఒడ్డున కేకలు వినిపించాయి. చూస్తే వల ఏదీ లేదు. ఎండలో జనం తాడు లాగుతున్నారు. తాడు చివర కట్టి ఉన్నది ఒక పెద్ద దూలం.

గురువులు దగ్గర ఎప్పటిదో చెక్క పడవ ఒకటి ఇసకలో బోర్లా పడి ఉండేది. ఫైబర్ పడవలు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని విప్పేశారు. పలకలు అప్పటికే నూకాలమ్మ ఇంటికి గోడలయ్యాయి, అడుగు దూలం కప్పును నడుమ మోసే వెన్నుగాడి కాబోతోంది. పల్లెలో ప్రతి ఇంటి నుంచీ ఒకరు వచ్చారు. పైకప్పులు బాగైన పదకొండు మంది ముసలివాళ్లూ వెనక నిలబడి తాడు చుడుతున్నారు. అందరికంటే చివర, ఎప్పటి చోటే, నూకాలమ్మ కూర్చుని ఉంది. తన ఇంటి దూలాన్ని లాగుతున్న తాడుకు తానే చుట్ట వేస్తోంది.

నేను దూరంగా నిలబడ్డాను. గురువులు చూసి పిలిచాడు. "రండి సార్, మీరూ ఓ సెయ్యెయ్యండి." ఎం-బుక్ రమణ చేతికిచ్చి వెళ్లి తాడు పట్టుకున్నాను. నా ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఎన్నో పనులకు కొబ్బరికాయ కొట్టాను, ఎన్నో సంతకాలు పెట్టాను. ఒక ఇంటికి చెయ్యి వేయడం అదే మొదటిసారి. అరగంటలో అరచేతులు ఎర్రబడ్డాయి. దూలం గోడల మీదికి ఎక్కింది.

అంతా అయ్యాక నూకాలమ్మ ఒక గంప ముందు పెట్టుకుంది. ఆ పొద్దున వలలో తన వాటాగా వచ్చిన కవ్వలు అందులో ఉన్నాయి, కూరకు చేసుకునే చిన్న చేపలు. తాడు పట్టినవాళ్లందరికీ పంచడం మొదలుపెట్టింది. నా వంతు వచ్చింది. లబ్ధిదారుల దగ్గర కానుకలు తీసుకోరాదని మా ప్రవర్తనా నియమావళి చెబుతుంది. నేను వెనకాడటం ఆమె చూసింది.

"తాడట్టుకున్నావా నేదా? పట్టు మరి."

రెండు కవ్వలు. తాటాకులో చుట్టి ఇచ్చింది. తీసుకున్నాను. కానుక కాదు కనుక ఎక్కడా రాయలేదు.

నవంబరులో గాలి వచ్చింది. ఊరంతా తుఫాను షెల్టరుకు వెళ్లి రెండు రోజులు ఉండి తిరిగి వచ్చారు. పదకొండు ఇళ్లలో ఒకదానికి ఒక రేకు లేచింది. పడవ దూలం వేసిన ఇల్లు కదలలేదు. మెమోకు జవాబు రాశాను. అది సంతృప్తికరంగా లేదని మరో మెమో వచ్చింది. భవిష్యత్తులో జాగ్రత్తగా ఉండమన్న హెచ్చరికతో ఫైలు మూశారు. నా తుది నివేదికలో పదకొండు ఇళ్లు మరమ్మతు అయ్యాయని ఉంది. అది అక్షరాలా నిజం. పన్నెండో ఇంటిని అందులో రాసే అధికారం నాకు లేదు, అది మేం కట్టింది కాదు.

ఆ మండలం వదిలి వెళ్లే ముందు చేసిన పని ఒకటి ఉంది. ఆ ఏడాది ఇంటి పన్ను సవరణలో నూకాలమ్మ ఇంటిని మదింపు చేయించి, ఆ రోజు తేదీతోనే రిజిస్టరులో ఎక్కించాను. ఎవరూ అనుకోని విధంగా ఆమె మొదటి పన్ను తనే వచ్చి కట్టి, రసీదు మీద పేరు రెండుసార్లు చదివించుకుని వెళ్లింది.

ముసలివాళ్లకు ఇల్లు కట్టించే పని మీద ఉన్న కొత్త అధికారులు ఎవరైనా అడిగితే, ఇప్పుడు నేను ఒక్క మాట చెబుతున్నాను. వాళ్లు ఇంట్లో ఎలా ఉంటారని మన ఫారాలన్నీ అడుగుతాయి. ఇంట్లో లేనప్పుడు ఎక్కడ ఉంటారో, అక్కడ వాళ్ల చేతిలో ఏ పని ఉంటుందో ముందు అడగాలి. అది తెలిశాకే స్థలం చూడాలి. నేను స్థలం ముందు చూశాను.